తెల్లరొమ్ము అడగని మాట

మబ్బులకు పైన, గడ్డి తప్ప చెట్టనేది మొలవని ఆండీస్ కొండల మీద వికూన్యాల మంద ఒకటి ఉండేది. వికూన్యా అంటే ఒంటెకు చుట్టమే. కాకపోతే మూపురం ఉండదు, మేక కంటే కాస్త పెద్ద ఒళ్లు, పట్టులాంటి బొచ్చు. వాటికో కట్టుబాటు ఉంది. మంద మొత్తం ఒకే దిబ్బ మీద పెంటికలు వేస్తుంది, ఆ చుట్టుపక్కల గడ్డి ఎవరూ ముట్టరు.

ఆ మందలో తెల్లరొమ్ము అనే తల్లి ఉంది. పోయినేడు దాని పిల్లను ఆ కొండల పెద్దపిల్లి ప్యూమా కళ్లెదుటే ఈడ్చుకుపోయింది. ఈ ఏడు మళ్లీ ఈనింది. పిల్ల పాలు తాగుతున్నంతసేపూ దాని చూపు బండల మీదే. నోట్లో గడ్డి పెట్టుకుని నమలడం మరిచిపోయేది.

ఒక ఉదయం నక్క వచ్చి దూరంగా కూర్చుంది.

"చిక్కిపోయావమ్మా తెల్లరొమ్మూ."

"చిక్కక ఏం చేయను నక్క బావా? రెప్ప వేస్తే పిల్ల దక్కదు."

"నా బాధా అదే. కింద గుహ దగ్గర రెండుకాళ్లవాళ్లు రాతి దొడ్డి కట్టారు, చూశావా? మంట ఉంది, కుక్కలున్నాయి. ప్యూమా ఆ ఛాయలకే రాదు."

"ఊరికే ఎవరు కాస్తారు? వాళ్లకేం కావాలిట?"

"నీ బొచ్చు. మళ్లీ మొలిచేదేగా! ముసలివాటిని కోసుకుంటారనుకో. ముసలితనం దాకా ఎవరు బతికారమ్మా ఇక్కడ?"

మందలోకెల్లా పెద్దది, కుంటి పెద్దమ్మ, మెడ చాచి అంది: "అన్నీ అడిగావు గానీ, ఆ దొడ్డిలో దొడ్డికెక్కడికి వెళ్లాలో అడగవే!"

నక్క పకపకా నవ్వింది. "ప్రాణాల సంగతి మాట్లాడుతుంటే పెంట గొడవేమిటి పెద్దమ్మా!"

తెల్లరొమ్ముకు సిగ్గేసింది. అడగలేదు. ఆ సాయంత్రమే పిల్లను ముందు పెట్టుకుని దొడ్డిలోకి నడిచింది. వెనకే మరికొందరు తల్లులు నడిచారు. ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది పాపం.

తర్వాత వానలు పట్టుకున్నాయి. దొడ్డిలో దిబ్బ లేదు, దొడ్డి అంతా దిబ్బే. నిలబడ్డచోటే వేయాలి, వేసినచోటే పడుకోవాలి. పిల్లలు ఆ బురదలో పొర్లి, బురద అంటిన పొదుగే చీకాయి. పారుడు రోగం మొదలైంది. తెల్లరొమ్ము తన పిల్లను ముట్టెతో లేపింది. లేచింది. మళ్లీ లేపింది. ఈసారి లేవలేదు.

చచ్చిన పిల్లలు కొన్ని బురదలోనే తొక్కుడుపడ్డాయి. తెల్లరొమ్ము పిల్లను మాత్రం రెండుకాళ్లవాళ్లు గోడవతలకు విసిరేశారు. అక్కడ నక్క కూర్చుని ఉంది.

"బావా, నీకు ముందే తెలుసా?"

"తెలుసమ్మా. పక్క కొండ మీది దొడ్డి చూశాగా. ప్యూమా తింటే నాకు ఎముకలే మిగిలేవి. ఇక్కడ నిండు పిల్ల. నేనేం అబద్ధమాడాను చెప్పు? ప్యూమా వచ్చిందా?"

రాలేదు.

మేతకు తోలినప్పుడు పారిపోవచ్చు. పెద్దమ్మ ఉన్న గుట్ట కనిపిస్తూనే ఉంది. కానీ కడుపులో మళ్లీ పిల్ల ఉంది, బండల నీడ చూస్తే ప్యూమాయే అనిపించింది. పొద్దు వాలగానే తనే దొడ్డివైపు తిరిగింది.

వేల ఏళ్లు గడిచాయి. తెల్లరొమ్ము సంతతివి బొచ్చు పెరిగి, పళ్ల తీరు మారి, ఉన్ని కోసం పెంచే అల్పాకాలయ్యాయి. పక్క కొండల్లో వికూన్యాలకు చుట్టాలే, కాస్త పెద్ద ఒళ్లున్న గ్వానకోలు అలాగే దొడ్లలో చేరి బరువులు మోసే లామాలయ్యాయి.

ఒకనాడు పురావస్తు పరిశోధకులు వచ్చి గుహ ముందు తవ్వారు. పొరలు పొరలుగా పెంటికలు, వాటి మధ్య సన్నసన్నటి ఎముకలు.

"అన్నీ అప్పుడే పుట్టినవే!" కుంచెతో మట్టి దులుపుతున్న పెద్దావిడ సంబరంగా అంది. "వేటాడితే ఇన్ని పసివి ఒక్కచోట దొరకవు. దొడ్లో రోగమొచ్చి పోయినవి ఇవి. అంటే వీటిని మచ్చిక చేసింది ఇక్కడే!"

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనే మేస్తున్న అల్పాకా పిల్ల తల్లినడిగింది.

"మచ్చిక అంటే ఏమిటే అమ్మా?"

"పొద్దు పోతోంది, పద," అంది తల్లి. పిల్లను ముందు పెట్టుకుని దొడ్డిలోకి నడిచింది. గోడ మీద నక్క ఒకటి కూర్చుని ఉంది.

నీతి: నీడ ఇస్తామన్నవాళ్లను బయటి భయం గురించి కాదు, లోపలి బతుకు గురించి అడగాలి.