అతుకు ఆయుష్షు

చక్రపాణికి కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు. కారణం సలోమి.

విశాఖ శివార్లలో యూనస్ మాస్టారికి ఒక పరీక్షశాల ఉంది. వంతెనల్లో, క్రేన్లలో, ఓడల్లో వెల్డింగ్ చేసిన అతుకులు ఎన్నాళ్లు మన్నుతాయో అక్కడ తేలుస్తారు. పెద్ద బరువును కూడా తట్టుకున్న అతుకు, చిన్న చిన్న ఊపులు లక్షలసార్లు తగిలితే చిట్లిపోతుంది. అది ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పడం వాళ్ల విద్య.

చక్రపాణి మాస్టారి మొదటి శిష్యుడు. ఏ అతుకు వచ్చినా ఆయన ముందు అతని వైపే చూసేవారు. "ఏవయ్యా, ఎన్నాళ్లుంటుంది?" అని అడిగేవారు. సలోమి వచ్చాక ఆ చూపు ఆమె వైపు మళ్లింది. ఎవరినీ ముట్టుకోనివ్వని తన భూతద్దాన్ని కూడా ఆమెకే ఇచ్చారు. ఆ పిల్ల నోరారా "అన్నయ్యా" అని పిలిచినప్పుడల్లా చక్రపాణికి ఒళ్లు మండేది.

ఒకరోజు ఒక కొండ మీది రోప్‌వే వాళ్లు, జనం కూర్చునే డబ్బాలను తీగకు వేలాడదీసే ఇనుప చేతులు పంపారు. సలోమి వారం రోజులు వాటితోనే కూర్చుంది. "అతుకులు అలిసిపోయాయి. చేతులన్నీ మార్చాలి" అని తేల్చింది. సెలవుల్లో జనం విరగబడే సమయమది. రోప్‌వే మేనేజరు లబోదిబోమన్నాడు.

"ఇంకోసారి నేను చూస్తాను మాస్టారూ" అన్నాడు చక్రపాణి.

మాస్టారు సరేనన్నారు.

అంత హుషారుగా అతను ఎన్నడూ పనిచేయలేదు. లెక్క తేలేసరికి ఆగలేకపోయాడు. మాస్టారికి చూపించకముందే మేనేజరుకు ఫోన్ చేసి, "భయం లేదు, ఇంకా చాలా ఏళ్లుంటాయి" అని చెప్పేశాడు. ఆ తర్వాతే కాగితాలు పట్టుకుని లోపలికి వచ్చాడు. సలోమి అక్కడే ఉంది. ఉండాలనే అతని కోరిక.

"డబ్బా ఊగినప్పుడు చెయ్యి ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. సాగితే కదా పగులు వచ్చేది! ఈవిడ నొక్కుడును కూడా లెక్కలో వేసుకుంది. అందుకే ఆయుష్షు తగ్గింది."

"అన్నయ్యా, అతుకు దగ్గర..." అనబోయింది సలోమి.

"నువ్వుండమ్మా. మాస్టారికి చెబుతున్నాను."

మాస్టారు కాగితాలు చూడలేదు. లేచి వెళ్లి ఒక ఇనుప పట్టీ తెచ్చారు. ఒక అంచు పొడవునా వెల్డింగ్ చేసిన పట్టీ. ఆ అంచు మీద సుత్తితో రెండు చుక్కలు కొట్టి, కంపాసు మొనలు సరిగ్గా ఆ చుక్కల్లో ఆనేలా బిగించి పక్కన పెట్టారు. పట్టీని బల్ల మీద ఉంచారు.

"దీని మీద బరువేమైనా ఉందా?"

"లేదు మాస్టారూ."

"ఎవరైనా లాగుతున్నారా?"

"ఎవరు లాగుతారు? ఊరికే పడి ఉంది."

"చుక్కల మధ్య కొయ్యి."

చక్రపాణి రంపం తీసుకుని వెల్డింగ్ అంచు నుంచి కోయడం మొదలుపెట్టాడు. మొదట బిర్రుగా నడిచిన రంపం, అతుకు తెగుతున్నకొద్దీ వదులైంది. గాడి తనంతట తానే నోరు తెరిచింది. మాస్టారు కంపాసు అందించారు. ఒక మొన చుక్కలో ఆనింది. రెండోది అందలేదు. చుక్కలు దూరం జరిగాయి.

చక్రపాణి మళ్లీ పెట్టి చూశాడు. అందలేదు.

"ఎవరూ లాగలేదు కదా మాస్టారూ?"

"లేదు. అతుకులోని ఇనుము కరిగి అతుక్కుంది. చల్లారుతూ ముడుచుకోబోయింది. పక్కనున్న ఇనుము ముడుచుకోనివ్వలేదు. అప్పటినుంచీ లోలోపల పీక్కుంటూనే ఉంది."

"అయితే నొక్కినప్పుడు..."

"ఆ పీకుడు కొంచెం తగ్గుతుందంతే. నొక్కుడు ఆగగానే మళ్లీ మొదలు. అదీ ఒక ఊపే."

చక్రపాణి తన కాగితాల వైపు చూశాడు. తన లెక్కలో బయటి బరువులన్నీ ఉన్నాయి. ఈ పీకుడే లేదు. ఈపాటికి కొండ దగ్గర జనం టిక్కెట్ల కోసం నిలబడి ఉంటారు.

రంపం వదిలేసి ఫోన్ తీశాడు.

"డబ్బాలు ఆపేయండి. ఎక్కినవాళ్లను దించేయండి... అవును, నేనే చెప్పాను. తప్పు చెప్పాను. చేతులన్నీ మార్చాల్సిందే. సలోమి గారు రాసిందే సరైనది."

అవతల మేనేజరు చాలాసేపు తిట్టాడు. చక్రపాణి అన్నీ విన్నాడు. "ఇంకా ఎవరినీ ఎక్కించలేదు" అన్న మాట వినపడ్డాకే అతనికి ఊపిరాడింది. గోడకు ఆనుకున్నాడు.

సలోమి లేచింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

అతను ఆ నీళ్లు తాగాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"మాస్టారూ, కోయకుండా ఆ పీకుడు పోగొట్టే దారి లేదా?"

"ఉంది" అన్నారు మాస్టారు. "మళ్లీ ఎర్రగా కాలాలి. ఆ తర్వాత మెల్లగా తనంతట తానే చల్లారాలి, ఎవరూ నీళ్లు పోయకూడదు."