సేనాపతిగారి పాత రథం

కొండ అవతలి విద్యాపీఠానికి వెళ్లే దారిలోనే బండి ఇరుసు విరిగి, నేతగాడు ఓబన్న పెద్దకొడుకు లోయపాలయ్యాడు. ఇప్పుడు చిన్నవాడూ అక్కడికే చదువుకు బయల్దేరుతున్నాడు. చనిపోయినవాడి మగ్గం అమ్మి, గట్టి బండి కొందామని ఓబన్న వెతుకుతున్నాడు.

సేనాపతి వీరమల్లు తన పాత రథం చూపించాడు. వెండి తొడుగు తళతళలాడుతోంది.

"నేనెక్కిన రథంరా! ఇప్పటికీ గుండ్రాయిలా ఉంది."

"మహాప్రసాదం దొరా. మీ చినబాబూ రేపు అక్కడికే కదా? పిల్లలిద్దరినీ ఇందులోనే పంపుదాం. క్షేమంగా చేరారని కబురు రాగానే సొమ్మిస్తాను."

"నా కొడుకునా? ఈ డొక్కుదాంట్లోనా?" అనేసి సేనాపతి నాలుక కరుచుకున్నాడు.

"మావాడూ నాకు కొడుకే దొరా," అని ఓబన్న లేచాడు.

మర్నాడు వానలో తండ్రీకొడుకులు నడిచే వెళ్లారు. లోయ దగ్గర ఓబన్న కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. అది దాటాక కూడా వదల్లేదు.