రొట్టె మీద గుర్తు

"ఈ ఊళ్ళో ఆకలిని ఓడించిన మొనగాణ్ణి నేనే బాబా!" అన్నాడు ఇలియాస్. అని, కాస్త ఆగి, గొంతు తగ్గించి, "కాకపోతే ఈమధ్య నా బట్టీ దగ్గరికి ఎవరూ రావట్లేదు" అన్నాడు.

కమ్రాన్ బాబా నవ్వలేదు. గడ్డం మాత్రం కొద్దిగా కదిలింది.

కొండల నడుమ ఊరు అది. ఏళ్ళ తరబడి యుద్ధం. ఊరి పాత బట్టీ బాంబులకి కూలిపోయింది. ఇంటి పొయ్యిలోకి కట్టె దొరకడమే గగనమైపోయింది. అప్పుడే బాబా శిష్యుడు ఇలియాస్, కూలిపోయిన బడి ఆవరణలో పెద్ద రొట్టెల బట్టీ కట్టాడు. ఎవరి పిండి వాళ్ళు తెచ్చుకుంటారు. కాల్చినందుకు కూలి ఒక రొట్టె. ఆ రొట్టెలు అమ్మి కట్టెలు కొనగా మిగిలింది బట్టీ నడిపే ఆడవాళ్ళది. అందరూ యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్నవాళ్ళే. ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు.

ఆ ఊళ్ళో మొదట్నుంచీ పిండిముద్ద మీద ఇంటికో గుర్తు పెడతారు. ఒకరిది రెండు వేళ్ళ నొక్కు, ఇంకొకరిది గోటి గీత, మరొకరిది తాళంచెవి అచ్చు. కాలిన రొట్టెల్లో ఎవరిది వాళ్ళు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలో పోట్లాటలు, "మీ అత్త కోపమంతా ఈ నొక్కులోనే ఉందే!" అని ఎకసెక్కాలు.

ఇలియాస్‌కి ఇదంతా శుద్ధ దండగ అనిపించింది. పైన విమానాలు తిరుగుతుంటే కింద ఈ కబుర్లేమిటి? చెక్కతో ఓ ముద్ర చెక్కించాడు. దాని మీద ఏముందంటారా? ఇంకేముంటుంది, ఆయనగారి పేరే! ఇక అన్ని రొట్టెలకీ అదే ముద్ర. ఎవరికి ఏది వస్తే అది. వచ్చావా, తీసుకున్నావా, వెళ్ళావా.

జనం మాటలు మానేశారు. తర్వాత రావడమే మానేశారు. ఇళ్ళలో తలుపులు చీల్చి పొయ్యిలో పెట్టుకుంటున్నారట.

ఇలియాస్ తన పేరున్న రొట్టె తనే తీసుకెళ్ళి, తన ఇంట్లో గోడకేసి తిరిగి కూర్చుని తినేవాడు. ఫిరంగిగుండు పడి ఇంటిల్లిపాదీ పోయాక, అతనికి తోడు మిగిలింది ఆ గోడే.

బాబా అతని వెంట బట్టీకి వచ్చాడు. ఆవరణ ఖాళీగా ఉంది. బట్టీ చూసుకునే మెహర్ ఊరికే కూర్చుని ఉంది.

"తమ్ముడూ, ఇలాగే ఉంటే బట్టీ ఆర్పెయ్యాలి" అంది. "అప్పుడు ఆ ముద్రేదో మా నుదుళ్ళ మీద కొట్టి ఇళ్ళకి పంపించు."

బాబా ఆమె దగ్గర పిండిముద్ద ఒకటి తీసుకుని ఇలియాస్ ముందు పెట్టాడు.

"ఆకలేస్తోంది బేటా. మీ ఇంటి రొట్టె ఒకటి పెట్టు."

ఇలియాస్ హుషారుగా ముద్ర అందుకున్నాడు. బాబా దాన్ని మెల్లగా తీసుకుని బట్టీలో పడేశాడు.

"బాబా!"

"చెక్కేగా. కట్టెలకి కరువన్నావు."

"ఎవరి రొట్టె ఎవరికెళ్తేనేం బాబా, కడుపు నిండితే చాలదా?"

"చాలొచ్చు. నేనడిగింది మీ ఇంటి రొట్టె. మీ గుర్తు పెట్టు."

ఇలియాస్ చెయ్యి పిండి మీదికి వెళ్ళి ఆగిపోయింది. రెండు వేళ్ళు చాపాడు, ముడిచాడు. గోరు ఆనించబోయి వెనక్కి తీసుకున్నాడు.

"తెలీదు బాబా" అన్నాడు చివరికి. చెవులు ఎర్రబడ్డాయి. "పాత బట్టీకి అక్క వెళ్ళేది. ఇప్పుడు అడుగుదామంటే ఎవరూ లేరు. అప్పుడేమో... రొట్టె మీద ఏ గుర్తుందో నేను చూడకుండానే తినేసేవాణ్ణి."