పొగమంచులో కంచు మోత

ఎవాండ్రోస్‌కు ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, "నిద్ర పడుతోందా?" అనేవాడు. పడుతోందన్నవాళ్లకు తర్కంతో జవాబు చెప్పి పంపేవాడు. పట్టడం లేదన్నవాళ్లను మాత్రం తన వెంట ఎక్కడికైనా తీసుకువెళ్లేవాడు.

గ్రీకు సముద్రంలో కలీరా అనే చిన్న ద్వీపం మీద, అత్తిచెట్ల నీడలో ఆయన పాఠాలు చెబుతున్న రోజుల సంగతి ఇది. శిష్యుల్లో తెరోన్ అని ఒకడుండేవాడు. ద్రాక్షతోటలున్న ఇంటివాడు, పెళ్లాం పిల్లలున్నవాడు, వాదనలో దిట్ట. ఒక సాయంత్రం అందరూ లేచి వెళ్లిపోయాక అతను గురువు దగ్గరే ఉండిపోయాడు.

"గురువుగారూ, జ్ఞానం, న్యాయం, మంచితనం ఎప్పుడూ కలిసే ఉంటాయని మీరు చెబుతారు. ఒకదానివైపు నడిస్తే ఇంకొకదానికి దూరమయ్యే రోజు వస్తే మనిషి ఏం చెయ్యాలి?"

"నిద్ర పడుతోందా?"

"లేదు" అన్నాడు తెరోన్.

ఎందుకు పట్టడం లేదో ఆ ద్వీపంలో చాలామందికి తెలుసు. లైకోన్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. ఆ వసంతంలో లైకోన్ తన పడవలో దామాస్ అనే జాలరిని తోడు తీసుకుని పొరుగు ద్వీపానికి బయల్దేరాడు. పొగమంచులో పడవ రాళ్లకు కొట్టుకుంది. లైకోన్ ఈదుకుంటూ ఒడ్డున పడ్డాడు. దామాస్ పడలేదు. దామాస్ భార్య ఫిలిన్నా న్యాయసభకు ఫిర్యాదు చేసింది. తీర్పరులుగా చీటీలు తీసి ఎంచిన పౌరుల్లో తెరోన్ పేరు కూడా వచ్చింది.

మంచు దారి మధ్యలో హఠాత్తుగా కమ్మిందని లైకోన్ అందరికీ చెబుతున్నాడు. కానీ ప్రమాదం జరిగిన రోజు, తెరోన్ ఇంట్లో పొయ్యి ముందు వణుకుతూ కూర్చుని వేరే మాట చెప్పాడు. రేవులో తాడు విప్పేటప్పటికే మంచు పట్టి ఉంది. ఆగుదామని దామాస్ అన్నాడు. తాను వినలేదు. ఈ సంగతి తెరోన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. గురువుకు కూడా అతను చెప్పలేదు.

ఎవాండ్రోస్ ఏమీ అడగలేదు. "రేపు తెల్లవారుతుండగా రేవుకు రా. తెడ్లు నువ్వే వెయ్యాలి, నా భుజాలు పనికిరావు" అన్నాడు.

విచారణ ఆ మర్నాడు.

వాళ్లు బయల్దేరినప్పుడు ఆకాశం తేటగానే ఉంది. కొండకొమ్ము దాటి కాస్త ముందుకు పోయారో లేదో, నీటి మీద నుంచి తెల్లటి ఆవిరి లేచింది. అది మెల్లగా పడవ అంచులెక్కి, తెరోన్ మోకాళ్లను, ఆ పైన గురువు గడ్డాన్ని కప్పేసింది. ఒడ్డు పోయింది. సముద్రం, ఆకాశం ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తెడ్డు నీటిలో దిగుతోందో మబ్బులో దిగుతోందో తెలియడం లేదు. ఎక్కడో ఒక పక్షి అరిచింది, అది పైనుంచో కిందనుంచో చెప్పలేకపోయాడు. తాను ఇంట్లో పడుకుని ఇదంతా కలగంటున్నానేమో అనిపించింది. అంతలోనే దామాస్ గుర్తొచ్చాడు. ఇలాంటి తెలుపులోనే అతను ఆఖరిసారి కళ్లు తెరిచి ఉంటాడు. తెరోన్ చేతులు ఆగిపోయాయి.

"ఎటు వెయ్యమంటారు?"

"విను" అన్నాడు గురువు.

విన్నాడు. చాలా దూరంలో, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు, కంచు మోగుతోంది. ఆగి, మళ్లీ మోగుతోంది. తెరోన్ పడవ ముక్కును ఆ మోతవైపు తిప్పి మెల్లగా తెడ్డు వేశాడు. ఎంతసేపు వేశాడో అతనికి తెలియలేదు. చివరికి పడవ అడుగు ఇసుకను రాసుకుంది.

అది కలీరా ఒడ్డే. గట్టు మీద ఫిలిన్నా నిలబడి ఉంది. ఎడమచేతిలో కంచు పళ్లెం, కుడిచేతిలో కర్ర. భర్త పోయినప్పటినుంచి మంచు పట్టిన ప్రతి ఉదయం ఆమె అక్కడికి వస్తోందని తెరోన్ అప్పుడే తెలుసుకున్నాడు. వచ్చినవాళ్లెవరో చూసి, "పెద్దాయనా, పక్కకు రండి, నాచు జారుతుంది" అంది. మళ్లీ పళ్లెం మీద కొట్టింది.

మోత విని మంచులోంచి ఇంకో పడవ వచ్చింది. దాన్ని లాగుతూ మోకాటి లోతు నీళ్లలోకి దిగిన మనిషి లైకోన్.

కర్ర గాలిలో ఆగిపోయింది. లైకోన్ తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్లు అతని కాళ్లచుట్టూ తిరిగి వెనక్కి పోతున్నాయి. ముందుకు వెయ్యాల్సిన అడుగు తనదో అతనిదో తెరోన్‌కు అర్థం కాలేదు.

ఫిలిన్నా అడిగింది: "నీ వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"కెఫాలోస్ అన్నదమ్ములున్నారు. వాళ్ల తెడ్ల చప్పుడు వినపడింది" అన్నాడు లైకోన్.

ఆమె మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి బరువెక్కి దెబ్బలు పలచబడ్డాయి. లైకోన్ గట్టెక్కి చెయ్యి చాచాడు. "ఇటివ్వు, నేను కొడతాను."

"వద్దు" అంది ఫిలిన్నా. "నిన్ను ఈ ద్వీపంలో ఉండనివ్వొద్దనే రేపు సభలో చెబుతాను. అది రేపటి సంగతి. ఇప్పుడు జరుగు, వాళ్లు దిగాలి."

కెఫాలోస్ అన్నదమ్ములు దిగేదాకా ఆ మోత ఆగలేదు. ఆగాక ఆమె పళ్లెం చంకలో పెట్టుకుని, తడిసిన పైబట్ట అంచు పిండుకుంటూ వెళ్లిపోయింది. లైకోన్ గట్టు మీద కూలబడి చేతుల్లో ముఖం దాచుకున్నాడు. తెరోన్ అతని పక్కన కూర్చున్నాడు. ఎండ పొడ తగిలి మంచు పొరలు పొరలుగా విడిపోతుంటే, ఎవాండ్రోస్ దూరంగా నిలబడి దాన్నే చూస్తున్నాడు.

మర్నాడు సభలో లైకోన్ లేచాడు. ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చిన మాటలు చెప్పలేదు. "తాడు విప్పేటప్పటికే మంచు ఉంది. దామాస్ ఆగమన్నాడు. నేను వినలేదు" అని చెప్పి కూర్చున్నాడు.

తెరోన్ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తెలిసింది దాచాల్సిన పని గానీ, స్నేహితుడి రహస్యం తన నోటితో చెప్పాల్సిన పని గానీ లేకుండా పోయింది. అయితే ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. తీర్పు రాయి ఇంకా అతని చేతిలోనే ఉంది. నేరం ఉందనేవాళ్లు వేసే కుండ ఒకటి, లేదనేవాళ్లు వేసే కుండ ఒకటి. నడిచి వెళ్లి మొదటిదానిలో వేశాడు. వేసేటప్పుడు చెయ్యి వణికి రాయి కుండ అంచుకు తగిలింది. ఆ చప్పుడు సభంతా విన్నట్టు అనిపించింది అతనికి.

లైకోన్‌కు కొన్నేళ్ల ప్రవాసం పడింది. ఫిలిన్నా ఏడవలేదు, సంతోషించనూ లేదు. భుజం మీద నుంచి జారిన పైబట్టను సర్దుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఓడ బయల్దేరే రోజు తెరోన్ రొట్టెలు, ఆలివ్ పళ్లు మూటగట్టుకుని రేవుకు వెళ్లాడు.

"నీ రాయి ఎందులో వేశావు?" అని అడిగాడు లైకోన్.

తెరోన్ చెప్పాడు.

లైకోన్ చాలాసేపు ఓడ తాడు వంక చూశాడు. తర్వాత మూట అందుకుని, "మా అమ్మను అప్పుడప్పుడు చూసి వస్తూ ఉండు" అని ఓడ ఎక్కాడు.

ఆ సాయంత్రం తెరోన్ అత్తిచెట్ల కిందికి వచ్చాడు. గురువు ఒక్కడే కూర్చుని రాలిన ఆకులు ఏరుతున్నాడు.

"గురువుగారూ, న్యాయమనుకున్నదే చేశాను. కానీ రాయి వేసేటప్పుడు నా చెయ్యి వణికింది. నిజంగా జ్ఞానముంటే వణికేది కాదేమో."

ఎవాండ్రోస్ ఏరిన ఆకుల్ని పక్కన పెట్టాడు.

"వణకని చేతులు చాలా చూశాను, నాయనా. నన్ను విచారించే రోజు వస్తే ఆ చేతులున్నవాళ్లను మాత్రం తీర్పుకు పిలవొద్దు."