తలుపుకి తీసిన పిడికెడు

అనగా అనగా, ఏటి గట్టున మొలిచే తుంగ ఇంకా ఎవరి సొంతమూ కాని రోజుల్లో, ఆ ఏటి పక్కన చాపలల్లుకునే వాళ్ళ పేట ఒకటి ఉండేది. ఆ పేటలో మరిడమ్మ ఉండేది. పొట్టి మనిషి. మాట తక్కువ. చెయ్యి మాత్రం ఊరికే ఉండేది కాదు.

మరిడమ్మకి మొగుడున్నాడు. పేరు అచ్చియ్య. అత్త ఉంది. పేరు గంగాలు. వాళ్ళకి లేనిదల్లా ఇల్లు. ఏడేళ్ళు ఎవరిదో గొడ్లచావిడి పంచన కాపరం చేశారు. వానొస్తే గొడ్లు లోపల, వీళ్ళు బయట.

ఒకనాడు పేటలో ఉన్న కుమ్మరి వేరే ఊరు పోతూ తన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. మట్టిగోడలు, తాటాకు కప్పు, వేపచెక్కతో చేసిన ఒంటిరెక్క తలుపు. మరిడమ్మ ఆ తలుపు తీసి చూసింది. వేసి చూసింది. మళ్ళీ తీసి చూసింది.

“ఇది కొందాం మావా” అంది.

“దేంతో కొంటావే?” అన్నాడు అచ్చియ్య.

ఊళ్ళో గురునాథం అని షావుకారు ఉన్నాడు. చెడ్డవాడు కాదు. మాటంటే మాటే, కొలతంటే కొలతే. కుమ్మరికి ఇంటి ధర ఆయనే ఇచ్చాడు. వీళ్ళు ఆయనకి వడ్డీతో కలిపి తొంభై కుంచాల బియ్యం ఇవ్వాలి. ఏడాదికి ముప్పై కుంచాలు, మూడు దసరాలు. ఏ దసరాకైనా తక్కువ పడితే పున్నమి దాకా ఐదు రోజులు గడువు. ఆ గడువూ దాటితే ఇల్లు ఆయనది. ఉండాలంటే అద్దెకి ఉండాలి.

ఆ ఊళ్ళో ఇల్లు తాకట్టు పెడితే ఒక ఆనవాయితీ ఉండేది. అప్పు తీరేదాకా ఆ ఇంటి తలుపు షావుకారు దొడ్లో ఉంటుంది. తీరిన రోజున షావుకారే ఆ తలుపుని తన వీపు మీద మోసుకొచ్చి బిగించాలి. మోసుకురావడం మాత్రం ఎవరూ చూడలేదు. అప్పటికే ఆయన దొడ్లో ఆరు తలుపులున్నాయి. ఆరిళ్ళవాళ్ళూ గడువు తప్పి, సొంత ఇళ్ళలోనే అద్దెకుంటున్నారు. ఒక తలుపు మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఒకటి కోళ్ళగంప మీద మూతైంది. మిగతావి గోడకి చేరగిలబడి ఉన్నాయి.

మరిడమ్మ ఇంట్లో పాలు పొంగించిన రోజే తలుపు వెళ్ళిపోయింది. గుమ్మానికి తుంగచాప ఒకటి వేలాడదీసింది. ఆ పూట ఎసరు పెట్టింది. చేటలో బియ్యం పోసింది. ముగ్గురి వంతులోంచీ మూడు పిడికిళ్ళు వెనక్కి తీసి, మూలనున్న కుండలో వేసింది.

“అదెవరికే?” అంది గంగాలు.

“తలుపుకి అత్తా.”

“తలుపేం తింటుందే?”

“మన ఇంటి మనిషే గదా. పొరుగింట ఉంది. దాని కూడు మనం తీసి పెడితేనే తిరిగొస్తుంది.”

అప్పట్నుంచీ పూటపూటా అదే. ఎసరు పెట్టేది. చేటలో బియ్యం పోసేది. మూడు పిడికిళ్ళు వెనక్కి తీసేది. ఆ తరువాతే మిగతా పని. పురుగు పట్టకుండా కుండలో వేపాకు వేసేది. కుండ నిండితే ఇంకో కుండ పెట్టేది.

గంగాలుకి మాత్రం మనసు ఊరుకోలేదు. శుక్రవారం పూట పసుపు, కుంకుమ, కాస్త వేపనూనె పట్టుకుని షావుకారు దొడ్లోకి వెళ్ళేది. తలుపు తుడిచి, నూనె రాసి, బొట్టు పెట్టేది. పక్కనున్న ఆరు తలుపులకీ పెట్టేది.

“వాటికెందుకు?” అంది షావుకారు భార్య.

“ఒక్కదానికే పెడితే మిగతావి చిన్నబుచ్చుకోవూ?” అంది గంగాలు. మిరపకాయలు పక్కకి తోసి మరీ పెట్టింది.

వచ్చేటప్పుడు ఆరిళ్ళ ముందూ ఆగి చెప్పేది. “మీ తలుపుకి బొట్టు పెట్టొచ్చాను. మిమ్మల్ని అడిగింది.” మొదటి ఏడు వాళ్ళు నవ్వారు. రెండో ఏడు నవ్వలేదు. మూడో ఏడు ఆ ఇళ్ళలోనూ ఎసరు పెట్టాక ఒక పిడికెడు వెనక్కి తీయడం మొదలైంది. ఎందుకో వాళ్ళకే తెలియదు.

మొదటి ఏడు ఏరు పొంగి తుంగంతా కుళ్ళిపోయింది. చాపల్లేవు. చాపల్లేకపోతే బియ్యం అరకొరే. ముగ్గురూ పొన్నగంటికూర, గంజి, మళ్ళీ గంజి. అచ్చియ్య మూలనున్న కుండల వైపు చూశాడు.

“ఇంట్లో బియ్యం పెట్టుకుని గంజి తాగడమేమిటే?”

“అవి మనవి కాదు మావా. ఊళ్ళో లేని మనిషి కూడు మనం తింటామా?”

అచ్చియ్య గంజి తాగి పడుకున్నాడు. ఆ దసరాకి ముప్పై కుంచాలూ కొలిచారు.

రెండో ఏడు తుంగ బాగా వచ్చింది. అచ్చియ్య తీర్థానికి పది చాపలు పట్టుకెళ్ళాడు. ఎనిమిది చాపల బియ్యం తెచ్చాడు. రెండు చాపలకి కిర్రు చెప్పులు తొడుక్కొచ్చాడు. వీధి మొదట్లో ఉండగానే వస్తున్నాడని అందరికీ తెలిసింది.

మరిడమ్మ ఎప్పటిలాగే పొయ్యి రాజేసింది. ఎసరు పెట్టింది. చేటలో బియ్యం పోసింది. మూడు పిడికిళ్ళు వెనక్కి తీసింది. అచ్చియ్య వంతులోంచి ఇంకో రెండు తీసింది.

“ఇదేమిటే, నా కంచంలో ఇంతే ఉంది?”

“చెప్పులకి తీశాను మావా. కుడిదానికొకటి, ఎడందానికొకటి.”

“చెప్పులు తింటాయా?”

“తలుపు తింటోంది గదా. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళకి పెట్టకపోతే ఎట్లా?”

“పెట్టవే పిల్లా” అంది గంగాలు. “పాపం, అడుగు తీసి అడుగు వేస్తే ఏడుస్తున్నాయి.”

ఏడు రోజులు చెప్పులు తిన్నాయి. ఎనిమిదో రోజున అచ్చియ్య రేవు దగ్గర ఒక పశువుల బేరగాడికి వాటిని అమ్మేసి, వచ్చిన బియ్యం తెచ్చి తనే తలుపు కుండలో పోశాడు.

“వాటి ఆకలి తీర్చడం నా వల్ల కాదు” అన్నాడు.

ఆ దసరాకీ ముప్పై కుంచాలూ కొలిచారు.

మూడో ఏడు చాపలకి మంచి బేరం వచ్చింది. దసరా ఇంకా పది రోజులుందనగానే కుండల్లో ముప్పై కుంచాలూ చేరాయి. అప్పుడొచ్చింది గాలివాన.

వీధి చివర సోమాలు ఇల్లుంది. తలుపు పోయిన ఆరిళ్ళలో అదొకటి. ఆ గుమ్మం గాలికి ఎదురు. వాన తిన్నగా లోపలికి కొట్టింది. గాదెలో ఉన్న నాలుగు గింజలూ తడిసి కొట్టుకుపోయాయి. ఆ పొద్దున్నే సోమాలు ఆడపిల్లని కన్నది. మొగుడు పడవ పనికి పోయి అవతలి ఒడ్డున చిక్కుకున్నాడు.

మరిడమ్మ వెళ్ళి చూసింది. సోమాలు మూలకి జరిగి, పిల్లని గోనెలో చుట్టి, వానకి వీపు పెట్టి కూర్చుని ఉంది.

మరిడమ్మ ఇంటికొచ్చి గుమ్మానికున్న చాప విప్పింది.

“మరి మనకో?” అన్నాడు అచ్చియ్య.

“మనం ముగ్గురం పెద్దవాళ్ళం. తడిస్తే ఆరతాం.”

తరువాత మూలకెళ్ళి తలుపు కుండ వంచింది. ఆరు కుంచాలు గంపలోకి కొలిచింది.

అచ్చియ్య అడ్డం నిలబడ్డాడు. “నా ఆకలికి ముట్టనివ్వలేదు. నా చెప్పులు ఏడ్చినా ముట్టనివ్వలేదు. ఇప్పుడు తీస్తున్నావు. ఇల్లు పోతుంది మరిడీ.”

“పోవచ్చు.”

“మరి?”

“తలుపు ఉండేది దేనికి మావా? లోపలున్నవాళ్ళకి వాన తగలకుండా ఉండటానికే గదా. ఇది దాని కూడు. దాని పనికే పోతోంది.”

అచ్చియ్య పక్కకి జరిగాడు. తరువాత గంప నెత్తికెత్తుకున్నాడు. “నువ్వు చాప పట్టుకో” అన్నాడు.

దసరా వచ్చింది. షావుకారు అరుగు మీద కొలత పడింది. ఇరవై నాలుగు కుంచాలు.

“ఆరు తక్కువమ్మా మరిడమ్మా” అన్నాడు గురునాథం. “రెండేళ్ళు గింజ తగ్గకుండా కొలిచావు. ఏమైంది?”

“ఖర్చయింది బాబూ.”

“దేనికి?”

“తలుపుకే.”

ఆయనకి అర్థం కాలేదు. “పున్నమి దాకా గడువుంది” అన్నాడు. మాటంటే మాటే, కొలతంటే కొలతే.

ఐదు రోజులు ముగ్గురూ గంజితో గడిపారు. మిగిల్చినదంతా కలిపితే అరకుంచం తేలింది. పున్నమి పొద్దున గంగాలు చివరిసారి తలుపు చూసుకుని వస్తానని పసుపు తీసుకుని బయలుదేరింది. గుమ్మంలోనే ఆగిపోయింది. వీధిలో ఆరిళ్ళవాళ్ళూ నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కుంచం.

“మా తలుపులకి తీసినవి” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. “కొలుచుకో మరిడమ్మా.”

“మీ తలుపులవి నేనెట్లా తీసుకుంటాను?”

“ఈ ఊళ్ళోకి తలుపు తిరిగి రావడం మేమెప్పుడూ చూడలేదు. ఒక్కటి వస్తే, వస్తుందని మాకు తెలుస్తుంది.”

సోమాలు పసిపిల్లని భుజాన వేసుకుని తన కుంచం కింద పెట్టింది. “ఇది నువ్విచ్చిన దాంట్లోదే వదినా. మాకు ఐదు చాలు” అంది.

మరిడమ్మ ఆరు కుంచాలూ తీసుకుంది. “చేబదులుగానే” అంది. తరువాత రెండేళ్ళలో ఒక్కొక్కరికీ తిరిగి కొలిచింది. ఎవరూ అడగలేదు. ఆవిడ మానలేదు.

ఇక గురునాథం తలుపు మొయ్యాలి. ఆయన ఒళ్ళు చూస్తే మోసేలా లేదు. అయినా పైపంచ నడుముకి బిగించి తలుపు వీపుకెత్తుకున్నాడు. పేట పేటంతా రెండు పక్కలా నిలబడి చూసింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ సాయం పట్టలేదు.

బావి దగ్గర ఒకసారి దింపాడు. “ఇది చెక్కేనా?” అన్నాడు.

కుమ్మరి వదిలెళ్ళిన కుండల ఆవం దగ్గర రెండోసారి దింపాడు. అచ్చియ్య మంచినీళ్ళిచ్చాడు.

ఇంకా పది అడుగులుందనగా మూడోసారి దింపి, దాని మీదే కూర్చున్నాడు. “ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారు?”

“మీ తాతగారంట బాబూ” అంది మరిడమ్మ.

“ఆయన ఒక్క తలుపూ మోసినట్టు లేదు” అన్నాడు.

తలుపు బిగించారు. చెద పట్టలేదు, వంకర పోలేదు. గంగాలు రాసిన నూనె పని చేసింది. మరిడమ్మ తలుపు తీసింది. వేసింది. మళ్ళీ తీసింది.

అప్పుడు ఆరిళ్ళవాళ్ళూ ముందుకొచ్చారు. “మాకూ కొత్తగా కొలత కట్టి రాస్తారా బాబూ?”

గురునాథం చెమట తుడుచుకున్నాడు. “రాస్తాను. కానీ ఈసారి మొయ్యడానికి కూలివాణ్ణి పెట్టుకోవచ్చని కూడా రాస్తాను.”

ఆ రోజు పొద్దువాలాక అచ్చియ్య సంబరంగా గడియ పెట్టబోయాడు. మరిడమ్మ చెయ్యి పట్టుకుంది.

“వద్దు మావా. వీధిలో ఇంకా ఆరు గుమ్మాలు తెరుచుకుని ఉన్నాయి. వానొస్తే ఎవరైనా రావాలి గదా. దగ్గరగా వెయ్యి, చాలు.”

మిగిలిన అరకుంచం తీసి ఖాళీ కుండలో పోసింది. మర్నాడు ఎసరు పెట్టింది. చేటలో బియ్యం పోసింది. మూడు పిడికిళ్ళు వెనక్కి తీసింది.

“మన తలుపు వచ్చేసింది గదే” అంది గంగాలు.

“సోమాలు తలుపు రాలేదు గదా అత్తా.”

అట్లా ఏళ్ళు గడిచాయి. గంగాలు కాలం చేసింది. ఒకదాని వెనక ఒకటి ఐదు తలుపులు ఇళ్ళకి వచ్చాయి. సోమాలుది మాత్రం మిగిలిపోయింది. మొగుడి కాలు విరిగి ఆ ఇల్లు రెండుసార్లు వెనకపడింది.

ఒక పొద్దున మరిడమ్మ ఎసరు పెట్టింది. చేటలో బియ్యం పోసింది. పిడికెడు తీసింది. తీసి, గోడకి ఆనుకుంది. అచ్చియ్య తుంగ తెచ్చి పడేసి పిలిచాడు. పలకలేదు. ఎసరు మరిగి మరిగి సగమైంది. మూసిన పిడికిలి అట్లాగే ఉంది. విప్పి చూస్తే బియ్యం.

అచ్చియ్య ఆ గింజలు తలుపు కుండలో వేశాడు. కుండ తీసుకెళ్ళి సోమాలు ఇంట్లో కొలిచాడు. అప్పు తీరడానికి ఇంకా నాలుగు కుంచాలు తక్కువ. పేటవాళ్ళు ఎసరు దింపి, తలా కాస్త తెచ్చి ఆ నాలుగూ నింపారు. పన్నెండో రోజున తలుపు వచ్చింది. కూలివాడు మొయ్యలేదు. గాలివాన నాడు పుట్టిన సోమాలు కూతురు, అప్పటికి పెళ్ళీడు పిల్ల, తనే వీపున మోసుకొచ్చింది. ఎక్కడా దింపలేదు.

“అన్ని తలుపులూ వచ్చాయి తాతా, ఇక నువ్వూ గడియ పెట్టుకో” అన్నారు అచ్చియ్యతో.

ఆయన గడియ మీద చెయ్యి వేశాడు. మళ్ళీ తీసేశాడు.

“నాకు అలవాటు లేదు” అన్నాడు.

ఆ పేట ఇప్పటికీ ఉంది. చాపలల్లేవాళ్ళు తగ్గారు. ఇళ్ళకి అప్పులు షావుకార్లివ్వడం లేదు, బ్యాంకులిస్తున్నాయి. అయినా ఎవరైనా ఇల్లు కొనుక్కుని అప్పుచేస్తే, ఆ రోజు నుంచీ ఆ ఇంట ఎసరు పెట్టాక పిడికెడు వెనక్కి తీస్తారు. కొందరు బియ్యం తీస్తారు. కొందరు డబ్బాలో నోటు వేస్తారు. దాన్ని మరిడమ్మ పిడికిలి అంటారు. కొడుకు కొత్త చెప్పులడిగితే “వాటికి నీ కంచంలోంచి పెడతావా?” అని తల్లులు అడుగుతారు. అప్పు తీరిన రోజున తలుపు ఊడదీసి, నూనె రాసి, బొట్టు పెట్టి, వీధి చివరిదాకా మోసుకెళ్ళి తెచ్చి బిగిస్తారు. దారిలో మూడుసార్లు దింపుతారు. ఆ రోజు మాత్రం గడియ పెట్టరు.

పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే పెద్దవాళ్ళు ఇప్పటికీ లోపలికి ఒక మాట వేస్తారు.

“తలుపుకి తీశావా అమ్మా?”

“తీశాను” అని వినపడ్డాకే కాళ్ళు కడుక్కుని పీట వాల్చుకుంటారు.

కథ ఇంతే. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి.