పలక మీది చిలక

నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్ల వీధిలో ఉండే సలోమమ్మ టీచరు గారికి ఒక అలవాటు ఉండేది. మిషను పిడి తిరుగుతున్నంతసేపూ ఎవరేమడిగినా ఆవిడ జవాబు చెప్పేవారు కాదు. పిడి ఆగాక చెప్పేవారు. ఒక్కోసారి ఆగాక కూడా చెప్పేవారు కాదు. అడిగినవాళ్లు రాలిన కాగితం ముక్కలు ఏరుకుంటూ కూర్చునేవారు.

ఆ మిషను పెద్దదేమీ కాదు. రెండు రోలర్లు, పక్కన ఒక పిడి. ప్లాస్టిక్ పలక మీద దళసరి కాగితం పరిచి, దాని మీద సన్నని ఉక్కు అచ్చు బోర్లించి, పైన ఇంకో పలక మూసి పిడి తిప్పితే, కాగితం పువ్వుగానో ఆకుగానో తెగి వస్తుంది. అలా కోసిన బొమ్మలతో శుభాకాంక్షల కార్డులూ, లేసు అంచు కవర్లూ చేయడం ఆవిడ నేర్పేవారు. నేర్చుకునేవాళ్లలో వర్ధనమ్మ అందరికంటే పెద్దది. డెబ్బై దాటాక వచ్చి చేరింది.

ఆ రోజు వర్ధనమ్మ మిషను ముందు కూర్చుంటూనే అడిగింది.

"టీచరమ్మా, మరిచిపోయినవన్నీ ఎక్కడికి పోతాయండీ?"

పక్కన జిగురు పూస్తున్న పద్మాక్షి అందుకుంది. "కళ్లజోడైతే నెత్తి మీదకి పోతుంది వదినా!"

వర్ధనమ్మ నవ్వలేదు. ఆ మధ్య చుట్టాలింట్లో సీమంతానికి వెళ్లినప్పుడు, చెల్లెలు భానుమతిని అడిగిన మాటే మళ్లీ మళ్లీ అడిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. భానుమతి మాత్రం నవ్వకుండా అక్క ముఖంలోకి అదోలా చూసింది. ఎన్నో జారిపోతున్నాయి గాని, ఆ చూపు మాత్రం పోలేదు. ఇప్పుడు భానుమతి ఇంట్లో షష్టిపూర్తి. చిన్న మచ్చ కూడా లేని కార్డు ఒకటి చేసి పంపాలి. అది చూసి చెల్లెలు 'అక్క బాగానే ఉంది' అనుకోవాలి. ఆ తరవాత ఇక్కడికి రావడం మానేయాలి. పదిమందీ గమనించకముందే తప్పుకోవడం మంచిదని వర్ధనమ్మ నిర్ణయించుకుని వచ్చింది.

మీగడ రంగు కాగితం పరిచింది. మామిడాకుల తోరణం అచ్చు పెట్టింది. పిడి తిప్పింది. తన అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పింది. తోరణం చక్కగా తెగింది. కార్డును కిటికీ వెలుతురుకు వంచి చూసింది. తోరణం కింద నున్నగా ఉండాల్సిన చోటంతా ఏవో సన్నటి గీతలు.

"అయ్యో, అడ్డు కాగితం!"

అచ్చు కాగితాన్నే కాదు, కిందున్న పలకను కూడా కొంచెం గాటు పెడుతుంది. అందుకని పలక మీద ముందు ఒక పనికిరాని కాగితం వేయాలి. లేకపోతే పాత గాట్లన్నీ కొత్త కాగితానికి ఒత్తుకుంటాయి. ఆ గదిలో అది మొదటి పాఠం. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ పాఠం చెప్పేది వర్ధనమ్మే.

"అందరికీ పాఠం చెప్పి, చివరికి నువ్వే ఎగ్గొట్టావా వదినా," అంది పద్మాక్షి. అని, ఆవిడ కళ్లు చూసి నాలుక కరుచుకుంది. "ఊరుకో, ఇంకోటి కోసుకుందువుగాని."

"ఇంకోటి కోస్తే ఇంకోసారి మరిచిపోతాను. ఇదే నా ఆఖరి కార్డు టీచరమ్మా. రేపటికి ఉండని దానికి నేర్చుకోవడం ఎందుకు చెప్పండి?"

సలోమమ్మ గారు ఓదార్చలేదు. మిషనులోంచి కింది పలక తీసి బల్ల మీద పెట్టారు. దాని మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలు ముక్కను పడుకోబెట్టి రుద్దసాగారు. బూడిద రంగులోంచి ఒక్కొక్కటే పైకి తేలాయి. ఒక నక్షత్రం. దాని మీదుగా సగం శంఖం. ఒక మూల తోక వంకరపోయిన నెమలి.

"ఆ నెమలి నాదే!" అని పద్మాక్షి లేచి వచ్చింది. "ఆ రోజు అచ్చు జారిందని ఎంత తిట్టుకున్నానో."

నెమలి పక్కన, ఆకుల మధ్య, ఒక చిలక తేలింది. వర్ధనమ్మ ముందుకు వంగింది.

"ఎంత బాగుందీ! ఈ చిలకను ఎవరు కోశారండీ?"

"నువ్వే."

"నేనా? నేను చిలకను కోయలేదే. నాకసలు అలాంటి అచ్చు ఉన్నట్టే తెలీదు."

సలోమమ్మ గారు పెన్సిలు మొనతో చిలక ముక్కు చూపించారు. అక్కడ ఒక గీత పక్కనే వెంట్రుకంత ఎడంతో ఇంకో గీత ఉంది. రెక్క చుట్టూ అంతే. తోక చుట్టూ అంతే.

"తెగిందో లేదో అని ప్రతిదీ రెండోసారి తిప్పేది ఈ గదిలో ఎవరు, వర్ధనం?"

వర్ధనమ్మ రుద్దిన కాగితం పక్కకు జరిపి, పలక మీద చూపుడు వేలు పెట్టి చిలక చుట్టూ నెమ్మదిగా నడిపించింది. ఎవరింట్లోనో గోడకున్న ఫొటోలో తనను తాను చూసుకుంటున్నట్టు ఉంది ఆవిడ ముఖం. తరవాత తన కార్డు తీసుకుని తోరణం కింద తడిమింది. అక్కడా ఉంది చిలక, పైకి కనబడీ కనబడకుండా.

ఆ కార్డును చింపేస్తుందేమోనని పద్మాక్షి చెయ్యి చాచింది. వర్ధనమ్మ దాన్ని ఒడిలో పెట్టుకుంది.

"ఆ అచ్చు ఎక్కడుందండీ? కవరు మీద ఈ చిలకనే కోస్తాను. భానుమతికి చిలకలంటే ప్రాణం."

సలోమమ్మ గారు గడ్డంతో పెట్టె వైపు చూపించారు. వర్ధనమ్మ వెతికి అచ్చు తెచ్చుకుంది. పలకను మిషనులో తిరిగి అమర్చింది. చెయ్యి పనికిరాని కాగితాల దొంతర దాకా వెళ్లి, అక్కడే ఆగింది.

"టీచరమ్మా, ఇదిగో, ఇప్పుడు గుర్తుంది. అడ్డు కాగితం వెయ్యనా, మాననా?"

పిడి ఇంకా తిరగడం లేదు గనుక సలోమమ్మ గారు జవాబు చెప్పారు.

"ఆ రోజు చిలకను నన్నడిగే కోశావా?"