బొమ్మకు పోలిక

మల్లవరం రాజ్యంలో చెంచమ్మ, చెంచయ్య అనే కవలలు చెక్కబొమ్మలు చేసుకుని బతికేవారు. ఒకసారి చెంచయ్య చేసిన బొమ్మను చూసి సంతంతా పగలబడి నవ్వింది. గద్దముక్కు, చాటల్లాంటి చెవులు, ఎత్తుపళ్ళు. అచ్చం దివానుగారే!

దివాను మండిపడి చెంచయ్యను రాజుగారి ముందుకు ఈడ్చుకొచ్చాడు. "నన్ను వెక్కిరించిన వీడి వేళ్ళు నరికించండి ప్రభూ!" అన్నాడు.

ఇంతలో చెంచమ్మ పరుగున వచ్చి, బొమ్మను తన మొహం పక్కన పెట్టుకుంది.

"ప్రభూ, ఇది నేనే. చిన్నప్పట్నుంచీ నన్ను ఏడిపించడమే వీడి పని. ఈ ముక్కు చూడండి, ఎంత వానొచ్చినా నా నోట్లో చుక్క పడదు. ఈ చెవులు చూడండి, ఎదురుగాలొస్తే నన్ను వెనక్కి లాగేస్తాయి. ఇంత అందం రాజ్యంలో ఇంకెవరికుంటుంది?"

రాజు నవ్వు ఆపుకుంటూ, "ఏం దివానుగారూ, ఈ మొహం ఆమెదా, మీదా? మీదే అని సభలో అందరి ముందూ చెప్పండి, శిక్ష వేస్తాను" అన్నాడు.

దివాను బొమ్మ వంక చూశాడు, సభ వంక చూశాడు. "నాది కాదు ప్రభూ" అని గొణిగాడు.

చెంచయ్యను వదిలేశారు. దారిలో అతను కళ్ళు తుడుచుకుంటూ, "నీ మొహం అంత ఘోరంగా ఏం ఉండదే అక్కా" అన్నాడు.

"ఉంటే ఉండనీరా. నాతోపాటు పుట్టావు, నీకూ ఇదే మొహం. నా ఒక్కదానికేనా సిగ్గు?" అంది చెంచమ్మ.